కలకత్తా డెర్బీకి బండి మీద

రైల్లో కలకత్తా వెళ్ళేవాళ్ళకి ముందు కనిపించేది హౌరా వంతెన. బండి మీద వెళ్ళేవాళ్ళకి ఆ యోగం లేదు. 16వ నంబరు జాతీయ రహదారి కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది దాటించి, ఉలుబేరియా మీదుగా తీసుకొచ్చి, కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీద లారీల మధ్య వదిలేస్తుంది. ఆ లారీల్లోంచి ఎలాగో బయటపడితే విద్యాసాగర్ సేతు. 1992లో తెరిచిన తీగల వంతెన, పొడవు 823 మీటర్లు. నేను వంతెన ఎక్కేసరికి వాన వెలిసింది. ఎడమ చేతి వైపు హుగ్లీ, దూరంగా మసక మసకగా పాత హౌరా వంతెన. ఎదురుగా మాత్రం ఒకటే పచ్చదనం. రేసు కోర్సు, విక్టోరియా మెమోరియల్ గుమ్మటం, వాటి వెనక మైదాన్. నేను చూడ్డానికి వచ్చిన ఆట పుట్టి పెరిగింది ఆ పచ్చికలోనే.

అది 2023 ఆగస్టు. డ్యూరాండ్ కప్పులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడే కలకత్తా డెర్బీ రోజు చూసుకుని సికింద్రాబాద్ నించి బయల్దేరాను. 1888లో సిమ్లాలో మొదలైన ఫుట్‌బాల్ పోటీ అది, ఆసియాలోకెల్లా పాతది. "ఫుట్‌బాల్ కోసం బండేసుకుని కలకత్తానా? టీవీలో వస్తుంది కదరా!" అన్నారు మావాళ్ళు. టీవీలో వస్తుంది, నిజమే. తిరుపతి బ్రహ్మోత్సవాలు కూడా టీవీలో వస్తాయి.

దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విజయవాడ నించి ఇచ్ఛాపురం దాకా మనకి తెలిసిన రోడ్డే. చిలికా పక్కన గాలి బండిని పక్కకి నెట్టేస్తుంది, హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి. ఆగస్టు వానల్లో చెయిన్‌కి పట్టించిన నూనె సాయంత్రానికి మిగలదు. రోజూ రాత్రి లాడ్జి ముందు సెంటర్ స్టాండు వేసి మళ్ళీ పట్టించడమే పని. బాలేశ్వర్‌కి ముందు బహనాగా బజార్ అన్న పేరు కనిపించగానే మాత్రం చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ మీద సడలింది. ఆ ఏడాది జూన్ 2న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది అక్కడే. తెలుగునాట ఆ బండి ఎక్కని కుటుంబం ఎక్కడుంది?

కలకత్తాలో బండి నడపడం ఒక విద్య. ముందు నేర్చుకోవాల్సింది ట్రామ్ పట్టాల సంగతి. వానకి తడిసిన పట్టా మీద ముందు చక్రం పక్కవాటుగా పడిందా, బండి మన మాట వినదు. పట్టాని అడ్డంగా, వీలైనంత నిటారుగా కోసుకుంటూ దాటాలి, అప్పుడు బ్రేకు ముట్టుకోకూడదు. ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ నేను తడబడుతుంటే చూసి, అరచేతిని కత్తిలా అడ్డంగా ఆడించి చూపించాడు. అంతకంటే మంచి పాఠం ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ దొరకదు. రెండోది, వన్‌వేలు. ఇక్కడ కొన్ని వీధులు పొద్దున ఒక వైపు, మధ్యాహ్నం దాటాక ఇంకో వైపు నడుస్తాయి. వెళ్ళిన దారినే తిరిగొద్దామనుకునే మన అలవాటు ఇక్కడ చెల్లదు. కూడలిలో ఎర్ర దీపం పడితే మైకులోంచి రవీంద్ర సంగీతం వినిపిస్తుంది. హెల్మెట్‌లో చెమట కారుతూ, పక్కన పసుప్పచ్చ అంబాసిడర్ టాక్సీ పొగ వదులుతుంటే, పైన ఠాగూర్ పాట. చిరాకు పడాలో మురిసిపోవాలో తేలకముందే ఆకుపచ్చ దీపం వచ్చేస్తుంది.

మైదాన్‌లో పెద్ద క్లబ్బులకి ఉన్నవాటిని ఇప్పటికీ టెంట్లనే అంటారు. స్థలం సైన్యానిది కాబట్టి పక్కా స్టేడియం కట్టుకునే వీల్లేదు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడూ ఇక్కడ కూతవేటు దూరంలో ఉన్నాయి. వందేళ్ళు దాటిన సంస్థలు, చిరునామా మాత్రం టెంటు. మోహన్ బగాన్ పుట్టింది 1889 ఆగస్టు 15న. 1911 జులై 29న ఐఎఫ్ఏ షీల్డు ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2–1తో ఓడించింది. ఒక్కడు తప్ప మిగతా పదిమందీ ఉత్త కాళ్ళతో ఆడారు. తెల్లవాణ్ణి బంతితో ఓడించవచ్చని దేశానికి తెలిసిన రోజది. ఈస్ట్ బెంగాల్ కథలో అంత వీరగాథ లేదు, ఉన్నదల్లా పౌరుషం. 1920 జులై 28న మోహన్ బగాన్‌తో ఆటకి జోరాబగాన్ క్లబ్బు శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి పక్కన పెట్టింది. ఎందుకని నిలదీసిన సురేశ్ చంద్ర చౌధురికి సరైన జవాబు దొరకలేదు. ఆయన బయటికొచ్చి నాలుగు రోజులు తిరక్కుండా, ఆగస్టు 1న, సొంత క్లబ్బు పెట్టాడు. తూర్పు బెంగాల్ వాళ్ళని చులకన చేశారన్న మంట అది. 1947లో దేశం ముక్కలై, లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి సియాల్దా స్టేషన్లో దిగాక ఆ మంట ఏ స్థాయికి వెళ్ళి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ గడ్డ మీదే తరతరాలుగా ఉన్న ఘోటీలు మోహన్ బగాన్ వైపు, తూర్పు నించి వచ్చిన బాంగాల్‌లు ఈస్ట్ బెంగాల్ వైపు. మోహన్ బగాన్ గెలిస్తే ఇంట్లో రొయ్య, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస. వీళ్ళు దాన్ని ఇలిష్ అంటారు, కోలాఘాట్ ఇలిష్‌కి ఉన్న పేరు మన గోదావరి పులసకేమీ తీసిపోదు. డెర్బీ మర్నాడు ఏ చేప ధర పెరుగుతుందో బజార్లో బేరగాళ్ళకి ముందే తెలుస్తుంది.

టికెట్ కోసం ఈస్ట్ బెంగాల్ టెంటు వైపే వెళ్ళాను. వరసగా ఎనిమిది డెర్బీలు ఓడిన జట్టు అది. 2019 జనవరి తర్వాత మోహన్ బగాన్ మీద గెలుపన్నది ఎరగదు. ఐనా లైను రోడ్డు దాకా ఉంది. నా ముందు నిలబడ్డ కుర్రాడు ఇంజనీరింగ్ పరీక్ష ఎగ్గొట్టి వచ్చానన్నాడు. "ఓడిపోతారేమో కదా?" అన్నాను. నన్ను పైనించి కిందకి చూసి, "ఐతే?" అన్నాడు.

లైన్లో నిలబడ్డ ఆకలి డెకర్స్ లేన్‌లో తీరింది. ఎస్ప్లనేడ్ దగ్గర ఆఫీసుల వెనక సందు అది. ఇప్పటి పేరు జేమ్స్ హికీ సరణి, 1780లో ఈ దేశంలో మొదటి వార్తాపత్రిక అచ్చేసిన హికీ పేరు. ఇక్కడ స్ట్యూ తినాలి. చికెన్ ముక్క, బొప్పాయి ముక్క, క్యారెట్, పల్చటి చారు లాంటి రసం, పైన మిరియాల పొడి, పక్కన వెన్న రాసిన టోస్టు. మన నాలుకకి మొదటి గుక్క చప్పగానే ఉంటుంది. రెండో గుక్కకి వానలో తడిసిన ఒళ్ళు సర్దుకుంటుంది. మైదాన్ క్యాంటీన్లలో ఆటగాళ్ళూ, రిఫరీలూ, క్లబ్బు పెద్దలూ తరాల తరబడి తిన్న తిండి ఇదే. ఇలాంటి బల్లల మీదే మన హైదరాబాద్ కుర్రాళ్ళు కూడా కారం కోసం వెతుక్కుని ఉంటారు.

ఎందుకంటే కలకత్తా ఫుట్‌బాల్‌లో మనవాళ్ళ పాలు చిన్నది కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఈస్ట్ బెంగాల్ ముందు వరసని పంచ పాండవులనేవారు. సాలే, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, వెంకటేశ్. ఐదుగురూ దక్షిణాది వాళ్ళే, ఒక్క బెంగాలీ లేడు. అదే రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నించి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. దాని వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలోనే ఇండియా 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన మీద 2024లో హిందీ సినిమా వస్తే గానీ మన పిల్లలకి ఆ పేరు తెలియలేదు.

ఆటకి ముందురోజు ఉత్తర్‌పాడా వెళ్ళాను. హౌరా నించి గ్రాండ్ ట్రంక్ రోడ్డు పట్టుకుని లిలువా, బేలూరు, బాలీ దాటి పోవాలి. షేర్షా పేరు చెప్పుకునే రోడ్డే గానీ ఇక్కడ రెండు బస్సులు ఎదురైతే ఊపిరి బిగబట్టాల్సిందే. మధ్యలో టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, ఎటు తిరుగుతాయో వాటికే తెలియదు. ఉత్తర్‌పాడాలో 1859 నాటి జయకృష్ణ గ్రంథాలయం ఉంది, హుగ్లీ ఒడ్డున స్తంభాల భవనం. నేను వెళ్ళింది దానికోసం కాదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం తన చివరి రోజుల దాకా ఉన్న ఊరు ఇది. 1962 జకార్తా ఆసియా క్రీడల జట్టులో చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం ముగ్గుర్నీ విడదీసి చెప్పరు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ వేశాడు. జబ్బు చేసి ముప్ఫై నిండకుండానే ఆట వదిలేశాడు. ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా చేశాడు, తర్వాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్నార్) జట్టుకి ఆడాడు. నేను వెళ్ళడానికి ఆరు నెలల ముందు, ఫిబ్రవరి 16న పోయాడు.

గంగ ఒడ్డున టీ కొట్టులో మట్టి ముంత చేతిలో పెట్టించుకుని, బలరాం గారి ఊరి పక్కనించి వచ్చానన్నాను. కొట్టువాడు పొయ్యి మీంచి గిన్నె దించేసి మరీ ఇవతలికి వచ్చాడు. అతని వయసు చూస్తే బలరాం ఆట చూసి ఉండే అవకాశమే లేదు. "మా నాన్న చూశాడు," అన్నాడు. ఇంకో ఇద్దరు లేచారు. ఎడమ వైపు నించి ఎలా లోపలికొచ్చేవాడో ఒకాయన చెప్పుతో నేల మీద గీసి చూపించాడు. టీ డబ్బులు తీసుకోలేదు. అమ్ముగూడ స్టేషన్ బయట నేను ఇదే పేరు చెప్పి చూశాను, "ఏ బలరాం?" అన్నారు.

శనివారం, ఆగస్టు 12. పొద్దున్నించే ఈఎం బైపాస్ మీద మటడోర్లు మొదలయ్యాయి. వెనక ట్రాలీలో ముప్ఫై మంది, చేతుల్లో జెండాలు, డప్పులు. ఆకుపచ్చ–మెరూన్ బండి ఒకటి, ఎరుపు–పసుపు బండి ఒకటి సిగ్నల్ దగ్గర పక్కపక్కనే ఆగితే, దీపం మారేదాకా ఒకళ్ళ వంశాన్ని ఇంకొకళ్ళు ఉతికి ఆరేశారు. దీపం మారగానే ఎవరి దారి వాళ్ళది. సాల్ట్ లేక్ స్టేడియం గేటు దగ్గర పోలీసులు హెల్మెట్, నీళ్ళ సీసా, చిల్లర నాణేలు ఏవీ లోపలికి రానివ్వరు. బండి మీద వచ్చినవాళ్ళ కష్టం చూసి, చుట్టుపక్కల ముంత మసాలా అమ్మేవాళ్ళే హెల్మెట్లు దాచిపెట్టే వ్యాపారం కూడా చేస్తారు. బుట్ట కింద నా హెల్మెట్ పెట్టుకున్న ఆవిడ, ముందు ఏ జట్టని అడిగి, జవాబు విన్నాక ఒక సుద్దముక్కతో దాని మీద 'ఇ' అని బెంగాలీలో రాసింది.

ఈ స్టేడియం 1984లో తెరిచారు. 1997 జులై 13న ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్‌కి ఇదే జంట ఇక్కడ ఆడితే లక్షా ముప్ఫై ఒక్క వేల మంది వచ్చారు. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా తన డైమండ్ వ్యూహం గురించి వారమంతా చెప్పుకున్నాడు. ఈస్ట్ బెంగాల్ తరఫున బైచుంగ్ భూటియా మూడు గోల్స్ వేసి 4–1తో ఆ డైమండ్‌ని పిండి చేశాడు. 2017లో పదిహేడేళ్ళలోపు పిల్లల ప్రపంచకప్ కోసం సిమెంటు మెట్ల బదులు కుర్చీలు వేశారు, అంతమంది ఇప్పుడు పట్టరు. పట్టకపోవడమే మంచిది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇదే డెర్బీలో తొక్కిసలాటకి పదహారు మంది ప్రాణాలు పోయాయి. ఆ తారీఖున ఏటా ఇక్కడ రక్తదాన శిబిరాలు పెడతారు. పిచ్చి ఎంత అందంగా ఉన్నా దానికో లెక్క ఉంటుందని ఈ ఊరికి తెలుసు.

నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన, ఆయన పక్కన పదేళ్ళ మనవడు. పెద్దాయన నాన్న తూర్పు బెంగాల్‌లోని బరిసాల్ నించి వచ్చాడట. ఎక్కణ్ణించి వచ్చావన్నాడు. హైదరాబాద్ దాదా, అన్నాను. "హబీబ్!" అని రెండు చేతులూ పైకెత్తాడు. ఆ తర్వాత ఆట మొదలయ్యేదాకా నాకు మాట్లాడే అవకాశం రాలేదు. మహమ్మద్ హబీబ్ 1966లో హైదరాబాద్ నించి ఈస్ట్ బెంగాల్‌కి వచ్చాడు. మూడు పెద్ద క్లబ్బులకీ ఆడాడు. ఉద్యోగాలు ఇస్తామన్నా వద్దని ఆటనే నమ్ముకున్నాడు. 1977 సెప్టెంబరు 24న పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్‌కి వస్తే, మోహన్ బగాన్ 2–2తో నిలబెట్టింది. అందులో ఒక గోల్ హబీబ్‌ది. తమ్ముడు అక్బర్ 1976 డెర్బీలో ఆట మొదలైన పదిహేడో సెకనులో గోల్ కొట్టాడు. అది మోహన్ బగాన్ తరఫున, అంటే ఈ పెద్దాయన మీదే. "ఇంకా కూర్చోలేదు మేం," అన్నాడు, నిన్న జరిగినట్టు.

మొదటి సగం చెప్పుకోదగ్గది కాదు. మోహన్ బగాన్ అప్పటికి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఛాంపియన్, ప్రపంచకప్ ఆడిన ఆస్ట్రేలియా ఫార్వర్డ్‌ని కూడా తెచ్చుకుంది. ఈస్ట్ బెంగాల్‌కి కొత్త కోచ్, కార్లెస్ క్వాద్రాత్, ముందు గోల్ పడకుండా చూసుకుందాం అన్నట్టు ఆడించాడు. ఆ ఏడాది వాళ్ళు కొన్నవాళ్ళలో సివేరియో, బోర్హా హెరెరా ఇద్దరూ అంతకుముందు హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాళ్ళే. స్పెయిన్ వాళ్ళైతేనేం, హైదరాబాద్ నించి ఈస్ట్ బెంగాల్‌కి వచ్చే దారి మూతపడలేదని పెద్దాయనతో అన్నాను. ఆయన వినలేదు, గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

అరవయ్యో నిమిషం. కుడి వైపు బంతి అందుకున్నది నందకుమార్ శేఖర్, చెన్నై కుర్రాడు. పరుగులోనే లోపలికి తిరిగి, ఎదురొచ్చినవాణ్ణి ఒక్క మలుపుతో దాటి, ఎడమ కాలితో వంచి కొట్టాడు. బంతి గోల్‌కీపర్ చేతికి అందకుండా అవతలి మూలలో పడింది. వల కదలడం నేను చూశాను, శబ్దం మాత్రం ఒక క్షణం ఆగి వచ్చింది. వచ్చాక ఇంకేమీ వినపడలేదు. ఎవరో నా మెడ పట్టుకుని ఊపేశారు, ఎవరో నా భుజం మీద ఏడ్చారు. పెద్దాయన మనవణ్ణి ఎత్తి కుర్చీ మీద నిలబెట్టాడు. వాడికి ఊహ తెలిశాక తన జట్టు డెర్బీ గెలవడం ఇదే మొదలు. వాడు గంతులు వేయలేదు, నోరు తెరిచి తాత మొహంలోకే చూస్తున్నాడు. మిగిలిన అరగంట ఎలా గడిచిందో నాకు సరిగా గుర్తులేదు. 1–0. బయట రోడ్డు మీద కుర్రాళ్ళు పాత పేపర్లు చుట్టి కాగడాలు వెలిగించారు. ఆ క్లబ్బు గుర్తు కాగడాయే. ముంత మసాలా ఆవిడ నా హెల్మెట్ ఇస్తూ డబ్బు పుచ్చుకుంది. ఆవిడ మోహన్ బగాన్ అట.

సెప్టెంబరు 3న ఇదే కప్పు ఫైనల్లో మళ్ళీ ఈ రెండే కలిశాయి. పదిమందితో మిగిలిన మోహన్ బగాన్ పెట్రాటోస్ గోల్‌తో 1–0 గెలిచి కప్పు పట్టుకుపోయింది. మరుసటి ఏడాది ఆగస్టులో, నగరంలో ఆసుపత్రి వైద్యురాలి హత్య మీద ఆందోళన రగులుతుండగా బందోబస్తు కుదరదని డెర్బీనే రద్దు చేశారు. ఆ రోజు రెండు జట్ల అభిమానులూ స్టేడియం బయట కలిసి నిలబడి ఆ డాక్టరమ్మకి న్యాయం కావాలన్నారు. ఇంత వైరం ఉన్నవాళ్ళకే అంత ఐకమత్యం సాధ్యమవుతుందేమో.

నా తిరుగు ప్రయాణంలో, 2023 పంద్రాగస్టు నాటికి ఖరగ్‌పూర్‌లో ఉన్నాను. రైల్వే వర్క్‌షాపు కోసం తాతల నాడు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళ ఊరది. బజార్లో శ్రీకాకుళం యాసలో బేరాలాడచ్చు. ఇడ్లీ తింటుండగా ఫోన్లో వార్త. మహమ్మద్ హబీబ్ హైదరాబాద్‌లో కన్నుమూశాడు, 74 ఏళ్ళు. పోయింది ఆగస్టు 15న, మోహన్ బగాన్ పుట్టినరోజునే. పక్క బల్ల దగ్గర రిటైరైన రైల్వే పెద్దమనిషి చదివి వినిపించమన్నాడు. విని, "మా బీఎన్నార్‌కి బలరాం ఆడాడు బాబూ, ఈ ఏడే ఆయనా పోయాడు. ఇద్దరూ మీ ఊరోళ్ళే గదా, మీరేటి సేస్తన్నారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ గెలిచింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. రహీమ్ నేర్పిన ఆటని కళ్ళారా చూసినవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉంటే డెబ్భై దాటి ఉంటారు. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలో, పాతబస్తీ గల్లీల్లో, బొల్లారంలో అలాంటి తాతగారు మీకెవరైనా తెలిస్తే, ఈ ఆదివారమే వెళ్ళి, ఫోన్లో రికార్డరు నొక్కి, ఆయన ముందు కూర్చోండి.